కిరానీ కంటే ముందు ఎవరు? గుప్పెడు జనమున్న కరీబియన్ దీవుల క్రీడాకారులు

పాత రేడియో · ఆదివారం, ఉదయం 7:40

చిన్నప్పుడు వెస్టిండీస్ అంటే ఒక దేశం అనుకునేవాణ్ణి. ఏడో తరగతి గదిలో గోడకు వేలాడే ప్రపంచపటం మీద ఎంత వెతికినా ఆ దేశం దొరకలేదు. సోషల్ మాస్టారు నవ్వి, ఆవాలు ఒలికినట్టున్న చుక్కల మీద బెత్తం ఆనించి "ఇవన్నీ కలిపితే వెస్టిండీస్" అన్నారు. ఆ చుక్కల్లో ఒక్కోదానికి ఒక పేరు, ఒక జెండా, ఒక జాతీయగీతం ఉన్నాయని తెలియడానికి నాకు ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

పారిస్ ఒలింపిక్స్ తరువాత సెయింట్ లూసియా పరుగు అమ్మాయి జూలియన్ ఆల్ఫ్రెడ్ పేరు మన పత్రికల్లోనూ బాగానే వచ్చింది. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్ సంగతి అందరికీ తెలిసిందే, వాటిని వదిలేద్దాం. ఈ చర్చ చిన్న దీవుల గురించి మాత్రమే. సెయింట్ లూసియా, గ్రెనడా, డొమినికా, సెయింట్ విన్సెంట్, ఆంటిగ్వా, సెయింట్ కిట్స్. ఒక్క షరతు. గెలిచినవారి పేరు రాస్తే, ఆ దీవిలో వారికి ముందు నడిచినవారి పేరు కూడా రాయాలి.

నేనే మొదలుపెడతాను. గ్రెనడాకు తొలి ఒలింపిక్ పతకం 2012లో లండన్‌లో కిరానీ జేమ్స్ తెచ్చాడు. 400 మీటర్ల పరుగులో బంగారు పతకం, 43.94 సెకన్లు. అమెరికా వాళ్లు కాని మనిషి 44 సెకన్ల లోపు పరుగెత్తడం అదే మొదటిసారి. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇది అందరూ చెబుతారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఏథెన్స్‌లో అదే 400 మీటర్ల ఫైనల్లో అలేన్ ఫ్రాన్సిక్ అనే గ్రెనడా మనిషి నాలుగో స్థానంలో వచ్చాడు. 2004లోనూ 2006లోనూ ప్రపంచ ఇండోర్ ఛాంపియన్ అతనే. ఒలింపిక్స్‌లో మాత్రం పతకానికి ఒక్క మెట్టు కింద ఆగిపోయాడు. కిరానీ బడిలో పరుగెత్తే వయసుకు వచ్చేటప్పటికి ఆ దీవిలో 400 మీటర్లంటే ఏమిటో అందరికీ తెలిసి ఉండడానికి కారణం ఆ నాలుగో స్థానమే అని నా నమ్మకం.

తెనాలి కుర్రాడు · ఆదివారం, ఉదయం 8:15

పాత రేడియో గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. సెయింట్ లూసియా నాది.

ఆ దేశం జనాభా సుమారు 1.8 లక్షలు. 2011 లెక్కల్లో మా తెనాలి పట్టణం ఒక్కటే 1.65 లక్షలు. అంటే మా ఊరికి కొన్ని వీధులు కలిపితే ఒక దేశం. పారిస్‌లో 2024 ఆగస్టు 3న ఆ దేశపు అమ్మాయి తడిసిన ట్రాక్ మీద 100 మీటర్లు 10.72 సెకన్లలో పరుగెత్తి, అమెరికా షకారీ రిచర్డ్‌సన్‌ను 0.15 సెకన్ల వెనక్కి నెట్టింది. మనకు అప్పటికే అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. నేను అరిచిన అరుపుకు మా నాన్నగారు దొంగలు పడ్డారనుకుని కర్ర పట్టుకుని వచ్చారు. మూడు రోజుల తరువాత 200 మీటర్లలో రజతం. ఆ దీవికి అంతవరకు ఒలింపిక్ పతకమే లేదు. వచ్చిన మొదటిదే బంగారం.

చిన్నప్పుడు చెప్పులు లేకుండా, బడి యూనిఫాంలోనే పరుగెత్తేదాన్నని, తమ దగ్గర సరైన వసతులు లేవని గెలిచిన రాత్రే చెప్పింది. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయారు. కొంతకాలం పరుగే మానేసింది. పధ్నాలుగేళ్లకు ఇల్లు వదిలి జమైకాలో బడిలో చేరింది. మా చెల్లెలు ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కు వెళ్లిన రోజు మా ఇంట్లో అన్నం ముట్టినవాళ్లు లేరు. ఈమె సముద్రం దాటి వెళ్లింది.

ఇక షరతు ప్రకారం ముందు నడిచినవారు: లెవర్న్ స్పెన్సర్. హైజంప్. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 1.95 మీటర్లు దూకి సెయింట్ లూసియాకు ఆ క్రీడల్లో తొలి స్వర్ణం తెచ్చింది. పాన్ అమెరికన్ క్రీడల్లో రెండుసార్లు స్వర్ణం. రియోలో ఫైనల్ దాకా వెళ్లింది. పదిహేనేళ్లకు పైగా ఆ దేశపు అథ్లెటిక్స్ అంటే దాదాపు ఆమె ఒక్కతే.

మూడో మెట్టు · ఆదివారం, ఉదయం 9:02

అందరూ పొగుడుతున్నారు కాబట్టి ఒకరైనా అడగాలి. వీళ్లందరినీ తయారుచేసింది దీవులా, అమెరికా కళాశాలలా? ఆల్ఫ్రెడ్ టెక్సస్ విశ్వవిద్యాలయం. కిరానీ అలబామా. జావెలిన్ ఆండర్సన్ పీటర్స్ మిసిసిపి స్టేట్. డెకాథ్లాన్ లిండన్ విక్టర్ టెక్సస్ ఏ అండ్ ఎం. శిక్షకుడు అక్కడివాడు, ట్రాక్ అక్కడిది, తిండి అక్కడిది, వైద్యుడు అక్కడివాడు. చివర్లో భుజాల మీద కప్పుకునే జెండా మాత్రం దీవిది. చిన్న దీవి పెద్ద గెలుపు అనే కథ వినడానికి బాగుంటుంది. లెక్క చూస్తే అంత తీపిగా ఉండదు.

డాక్టరమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

మూడో మెట్టు గారి ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు నేను చూసింది రాయనివ్వండి. నేను గ్రెనడాలో వైద్యం చదివాను. మన తెలుగు పిల్లలు అక్కడ కొద్దిమంది ఎప్పుడూ ఉంటారు. 2012 ఆగస్టు 6న అక్కడే ఉన్నాను.

లండన్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే గ్రెనడాలో సాయంత్రం నాలుగున్నర. సెయింట్ జార్జెస్ ఊళ్లో ఆ సమయానికి బస్సులు కిక్కిరిసి ఉండాలి. ఆ రోజు ఒక్కటీ కదలలేదు. డ్రైవర్లు బండ్లు రోడ్డు పక్కన ఆపేసి దుకాణాల్లో టీవీల ముందు చేరారు. నేను ఒక కూరగాయల కొట్టులో నిలబడి చూశాను. పరుగు ముగియడానికి ముక్కాలు నిమిషం కూడా పట్టదు కదా. ఆ ముక్కాలు నిమిషం కొట్టులో ఎవరూ ఊపిరి పీల్చలేదు. ఆఖరి వంద మీటర్లలో అతను విడిపోయి ముందుకు వెళ్లిపోతుంటే, కొట్టు యజమానురాలు, అరవై దాటిన మనిషి, తూకం రాయి పట్టుకుని బల్ల మీద దబదబా బాదడం మొదలుపెట్టింది. తరువాత బయట హారన్లు, డప్పులు, సముద్రం వైపు నుంచి పడవల కూతలు. కార్నివాల్ దగ్గర పడుతున్న రోజులు కాబట్టి వాయిద్యాలు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి. మర్నాడు ప్రభుత్వం సగం రోజు సెలవు ఇచ్చింది.

కిరానీది గ్వావ్ అనే ఊరు. ఇంగ్లీషులో రాసింది చదివితే గౌయావే అంటాం, అక్కడివాళ్లు నవ్వుతారు. పడమటి తీరాన చేపలు పట్టేవారి ఊరు. శుక్రవారం సాయంత్రం వీధి పొడవునా చేపలు వేయించి అమ్ముతారు, దీవి అంతా అక్కడే ఉంటుంది. ఆ ఊళ్లోనే జాజికాయలు ఎండబెట్టి వేరుచేసే పెద్ద గోదాము ఉంది. గ్రెనడా జెండా మీద జాజికాయ బొమ్మ ఉంటుంది, తెలుసా? మనం పాయసంలో చిటికెడు వేసుకునే వస్తువు వాళ్లకు జెండా మీద పెట్టుకునేంత గొప్పది. 2004 సెప్టెంబర్‌లో ఐవాన్ తుఫాను వచ్చినప్పుడు దీవిలో పదింట తొమ్మిది ఇళ్లు దెబ్బతిన్నాయి, జాజి తోటలు కూలిపోయాయి. జాజి చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పుడు కిరానీకి పన్నెండేళ్లు. ఎనిమిదేళ్ల తరువాత నేను వెళ్లేటప్పటికి కూడా కొండల మీద ఖాళీలు కనబడేవి.

ఇప్పుడు ప్రశ్నకు వస్తాను. అమెరికా కళాశాల పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ణి తీసుకుంటుంది. ఆ పద్దెనిమిదేళ్లూ ఎవరు పరుగెత్తించారు? కిరానీ 2011లో డేగులో ప్రపంచ ఛాంపియన్ అయ్యేటప్పటికి పద్దెనిమిదేళ్లే. ఆ దీవుల్లో బడుల మధ్య పోటీలంటే మన సంక్రాంతి కోడిపందాలకు ఉన్నంత జనం. పక్క బడిని ఓడించడం కోసం ఊరంతా వచ్చి అరుస్తుంది. వాటి పైన కారిఫ్టా క్రీడలు ఉన్నాయి. 1972లో బార్బడోస్‌లో మొదలయ్యాయి, ఆస్టిన్ సీలీ అనే ఆయన ఆలోచన. ఈస్టర్ సెలవుల్లో కరీబియన్ దీవుల పిల్లలందరూ ఒకచోట చేరి పోటీపడతారు. అమెరికా శిక్షకులు పిల్లలను ఏరుకోవడానికి వచ్చేది అక్కడికే. పంట పండింది దీవిలో. కోసుకుపోయింది వాళ్లు.

గ్రెనడాలో ముందు నడిచినవారంటే ఇంకో జంట ఉంది. పారిస్‌లో డెకాథ్లాన్‌లో లిండన్ విక్టర్ కాంస్యం గెలిచాడు. అతనికంటే ముందు అతని అన్న కర్ట్ ఫెలిక్స్ అదే డెకాథ్లాన్‌లో రెండు ఒలింపిక్స్ ఆడాడు, 2014 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చాడు. తమ్ముడు 2018లో, 2022లో అవే క్రీడల్లో స్వర్ణాలు తెచ్చాడు. పది పోటీలు, రెండు రోజులు. లక్ష దాటీ దాటని జనమున్న దీవిలో, ఒకే ఇంట్లో, ఇద్దరు.

వేపచెట్టు నీడ · ఆదివారం, సాయంత్రం 4:10

డొమినికాను చిన్న దీవుల్లో ఎందుకు కలిపారు? వాళ్లకు ఒలింపిక్ పతకాలు కొత్త కాదు. ఫెలిక్స్ సాంచెజ్ 400 మీటర్ల హర్డిల్స్‌లో 2004లో, 2012లో రెండు స్వర్ణాలు తెచ్చాడు. పారిస్‌లో 400 మీటర్లు గెలిచిన మారిలేడి పౌలీనో కూడా అక్కడి అమ్మాయే. కోటి దాటిన జనాభా. కాస్త చూసుకుని రాయండి.

లెక్కల మాస్టారు · ఆదివారం, సాయంత్రం 4:22

వేపచెట్టు గారూ, మీరు చెప్పింది డొమినికన్ రిపబ్లిక్. రాజధాని శాంటో డొమింగో, భాష స్పానిష్. ఇక్కడ మాట్లాడుతున్నది డొమినికా. రాజధాని రోసో, ఇంగ్లీషు, క్రియోల్ మాట్లాడతారు, జనాభా సుమారు 70 వేలు. మన బాపట్ల పట్టణమంత. ఉత్తరాలు కూడా ఒకదానికి రావలసినవి ఇంకొకదానికి పోతుంటాయని ఆ దీవివాళ్లు చెప్పుకుంటారు. కాబట్టి మీరేమీ సిగ్గుపడనక్కర లేదు.

వేపచెట్టు నీడ · ఆదివారం, సాయంత్రం 4:31

సిగ్గుపడ్డాను. చదువుకుని వస్తాను.

ఆస్టిన్ మావయ్య · ఆదివారం, రాత్రి 8:05 (మాకు ఉదయం)

మూడో మెట్టు గారి మాటలో కొంత నిజం ఉంది, దాచనక్కర లేదు. 2023 జూన్‌లో అమెరికా కళాశాలల జాతీయ పోటీలు మా ఊళ్లోనే, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జరిగాయి. పిల్లలను తీసుకుని వెళ్లాను. ఎండ మన రెంటచింతలను గుర్తుచేసింది. ఆల్ఫ్రెడ్ 100 మీటర్లు, 200 మీటర్లు రెండూ గెలిచింది. 100 మీటర్లలో 10.72. గాలి వెనక నుంచి హద్దు దాటి వీచింది కాబట్టి రికార్డు లెక్కలోకి రాదు. ఏడాది తరువాత పారిస్‌లో మళ్లీ సరిగ్గా 10.72, ఈసారి గాలి సాయం లేకుండా. ఆ అంకె చూసి మా ఆవిడ "ఇది మనం చూసిన అంకే కదా" అంది.

అక్కడ ట్రాక్, శిక్షకుడు ఎడ్రిక్ ఫ్లోరియల్, జట్టు, అన్నీ ఉన్నత స్థాయివే. ఆ ఫ్లోరియల్ కూడా హైతీలో పుట్టి కెనడాకు ఆడిన ట్రిపుల్ జంపర్. అమెరికా శిక్షణ అంటున్నాం కానీ, ఆ శిక్షణ మూలాలు తవ్వితే అడుగున ఇంకో దీవి తగులుతుంది.

సెయింట్ లూసియాలో మాత్రం పెద్ద స్టేడియం సంగతి విచిత్రం. 2009లో దక్షిణాన ఒక ఆసుపత్రి తగలబడితే, రోగులను జార్జ్ ఓడ్లం స్టేడియంలోకి మార్చారు. తాత్కాలికం అన్నారు. పదేళ్లు దాటినా ఆసుపత్రి అక్కడే ఉండిపోయింది. ఆల్ఫ్రెడ్ పెరిగిన కాలమంతా దేశపు అథ్లెటిక్స్ స్టేడియంలో మంచాలు వేసి ఉన్నాయి. ఆమె వసతులు లేవన్నది ఊరికే అన్న మాట కాదు.

మూడో మెట్టు · ఆదివారం, రాత్రి 8:40

స్టేడియంలో ఆసుపత్రి! ఇది నాకు తెలియదు. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

ఫతే మైదాన్ · ఆదివారం, రాత్రి 9:20

ఇంత చర్చలో క్రికెట్ ఊసే లేదు. నేను రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వెస్టిండీస్ జట్టంటే చాలాకాలం జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, గయానా. అంతే. చిన్న దీవుల కుర్రాళ్లు ఎంత బాగా ఆడినా సెలక్టర్ల కళ్లు అటు తిరిగేవి కావు. విండ్‌వర్డ్ దీవుల (గ్రెనడా, సెయింట్ విన్సెంట్, సెయింట్ లూసియా, డొమినికా) నుంచి మొదట టెస్టు ఆడినవాడు సెయింట్ విన్సెంట్‌కు చెందిన ఆల్ఫీ రాబర్ట్స్. 1956, ఆక్లాండ్, వయసు పద్దెనిమిది. అదే అతనికి మొదటి టెస్టు, అదే చివరిది. పైగా న్యూజిలాండ్ తన చరిత్రలో మొట్టమొదటిసారి ఒక టెస్టు గెలిచింది కూడా ఆ మ్యాచిలోనే. అదృష్టం అంటే అదీ! తరువాత కెనడా వెళ్లి, మాంట్రియల్‌లో కరీబియన్ రాజకీయాలు చర్చించే బృందాల్లో పెద్ద ఆలోచనాపరుడిగా పేరు తెచ్చుకున్నాడు. స్కోరుబోర్డు చూసేవాళ్లకు ఇది కనబడదు.

ఆంటిగ్వా నుంచి తొలి టెస్టు ఆటగాడు ఆండీ రాబర్ట్స్, 1974లో. ఆ ఏడాది చివర్లో జట్టు మన దేశం వచ్చింది. ఐదు టెస్టుల్లో 32 వికెట్లు తీశాడు. నవ్వడు, తిట్టడు, ఒకే రకంగా నడిచివచ్చి రెండు వేగాల్లో బౌన్సర్ వేస్తాడు. మొదటిది తేలిగ్గా కొట్టామని మురిసిపోయేలోపు రెండోది దవడ దగ్గర ఉంటుంది. అదే పర్యటనలో బెంగళూరులో ఇంకో ఆంటిగ్వా కుర్రాడు మొదటి టెస్టు ఆడి రెండు ఇన్నింగ్స్‌లోనూ తేలిపోయాడు. తరువాతి టెస్టులో ఢిల్లీలో 192 నాటౌట్. పేరు చెప్పనక్కర లేదనుకుంటాను. సరే, షరతు కోసం చెబుతున్నాను: వివియన్ రిచర్డ్స్. ముందు నడిచినవాడు రాబర్ట్స్.

గ్రెనడా నుంచి మొదటి టెస్టు ఆటగాడు వికెట్ కీపర్ జూనియర్ ముర్రే, 1993లో. సెయింట్ లూసియా ఇంకా ఆగవలసి వచ్చింది. అక్కడి మికూ అనే ఊరి కుర్రాడు డారెన్ సామీ 2004లో వన్డేల్లోకి, 2007లో టెస్టుల్లోకి వచ్చాడు. మాంచెస్టర్‌లో మొదటి టెస్టులోనే ఒక ఇన్నింగ్స్‌లో 66 పరుగులకు 7 వికెట్లు తీశాడు. తరువాత జట్టు నాయకుడయ్యాడు. సామీ ఆటకంటే నవ్వే ఎక్కువ అని వెక్కిరించినవాళ్లు చాలామంది. అతని నాయకత్వంలోనే 2012లో కొలంబోలో, 2016లో కోల్‌కతాలో టీ20 ప్రపంచకప్పులు వచ్చాయి. మన హైదరాబాదు వాళ్లకు అతను ఎలాగూ బంధువే. సన్‌రైజర్స్‌కు 2013, 2014లో ఆడాడు, రెండో ఏడాది చివరి మ్యాచుల్లో నాయకత్వమూ చేశాడు. దీవిలో పెద్ద క్రికెట్ మైదానానికి ఇప్పుడు అతని పేరే. 2024లో ఆల్ఫ్రెడ్ బంగారం తెచ్చిన రెండు నెలలకు, సామీ శిక్షకుడిగా ఉన్న సెయింట్ లూసియా కింగ్స్ జట్టు కరీబియన్ లీగ్ మొదటిసారి గెలిచింది. ఆ ఏడాది ఆ దీవిలో టపాసులు అమ్మినవాడు ఇల్లు కట్టి ఉంటాడు.

మరో మాట. 1962-63లో మన బోర్డు నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను పిలిపించి దేశవాళీ జట్లకు పంచింది, మనవాళ్లకు వేగం అలవాటవుతుందని. రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాదుకు ఆడాడు. మా నాన్నగారు ఫతే మైదాన్‌లో చూశారు. బంతి కనబడేది కాదని, కీపర్ చేతుల్లో చప్పుడు మాత్రం వినబడేదని చెప్పేవారు.

పాత రేడియో · ఆదివారం, రాత్రి 9:34

గిల్‌క్రిస్ట్ జమైకా. చర్చ నియమం తప్పారు. అయినా చప్పుడు కోసం వదిలేస్తున్నాను.

దివిసీమ · సోమవారం, ఉదయం 6:50

మాది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మా అమ్మ చెప్పగా పెరిగినవాణ్ణి. డాక్టరమ్మ గారు రాసిన ఐవాన్ సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

2024 జూలై 1న బెరిల్ తుఫాను గ్రెనడాకు చెందిన కారియాకూ దీవిని దాదాపు తుడిచిపెట్టింది. సుమారు నెల రోజులకు పారిస్‌లో గ్రెనడా వాళ్లు ఆడారు. డెకాథ్లాన్‌లో కాంస్యం, జావెలిన్‌లో ఆండర్సన్ పీటర్స్‌కు కాంస్యం. జావెలిన్ రాత్రి మనమందరం నీరజ్ కోసమే చూశాం. పాకిస్తాన్ అర్షద్ 92.97, నీరజ్ 89.45, పీటర్స్ 88.54. మూడో అతణ్ణి మనం ఎవరమూ పట్టించుకోలేదు. ఇతను 2019లో, 2022లో ప్రపంచ ఛాంపియన్. 2022లో ఒకే ఫైనల్లో మూడుసార్లు 90 మీటర్లు దాటించాడు. ఆ ఆదివారం ఉదయం నీరజ్ రజతంతో మనం సంబరపడుతుంటే, పైన నిలబడ్డది పీటర్సే.

డొమినికాను 2017లో మరియా తుఫాను ఇలాగే ఊడ్చేసింది. ఇళ్లకు పైకప్పులు మిగలలేదు. పైకప్పు లేని ఇల్లు చూసిన పిల్లలకు పరుగుపందెం గురించి ఆలోచించే ఓపిక ఎక్కడిదో నాకు అర్థం కాదు. మా వైపు ఉప్పెన తరువాత ఏళ్ల తరబడి ఆటల మాటే ఎవరూ ఎత్తలేదట.

గోదారి గాలి · సోమవారం, ఉదయం 10:15

దీవులంటే కరీబియనేనా? మన కోనసీమ గోదావరి పాయల మధ్య ఉన్న గడ్డ కాదా? బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచాన్ని ఊపిన సాత్విక్ సాయిరాజ్ అమలాపురం వాడే. 2022 కామన్వెల్త్ స్వర్ణం, మరుసటి ఏడాది ఆసియా క్రీడల స్వర్ణం. లంక గ్రామాల్లో వాలీబాల్ చూశారా ఎవరైనా? కబడ్డీ సంగతి చెప్పమంటారా?

నిర్వాహకులు · సోమవారం, ఉదయం 10:40

గోదారి గాలి గారూ, మీ గర్వం సబబే. కోనసీమ క్రీడాకారులకు విడిగా చర్చ తెరిచాను, ఆవేశమంతా అక్కడ చూపండి. ఇక్కడ కరీబియన్ చిన్న దీవులకే పరిమితం అవుదాం.

లెక్కల మాస్టారు · సోమవారం, మధ్యాహ్నం 12:05

మూడో మెట్టు గారు వెనక్కి తీసుకోని సగం గురించి. చిన్న దేశాలు చాలా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఎప్పుడో గెలుస్తుంది, గెలిచినదాన్నే మనం చూస్తాం, గెలవనివాటిని లెక్కపెట్టం. ఈ వాదన సరైనదే. అందుకే గెలవనివాటినీ లెక్కపెడదాం. ఆంటిగ్వాకు ఇప్పటికీ ఒలింపిక్ పతకం లేదు. సెయింట్ విన్సెంట్‌కు లేదు. సెయింట్ కిట్స్ అండ్ నెవిస్‌కు లేదు.

ఆ చివరి దీవి మనిషి గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. కిమ్ కాలిన్స్. యాభై వేల జనాభా ఉన్న దేశం. 2003లో పారిస్‌లో 100 మీటర్ల ప్రపంచ ఛాంపియన్, 10.07 సెకన్లు. కండలు తిరిగిన వాళ్ల మధ్య బడి పిల్లవాడిలా సన్నగా ఉండేవాడు. బరువులెత్తడం అతనికి సరిపడదు. ఒలింపిక్ పతకం ఎన్నడూ రాలేదు. 2016లో నలభై నిండాక 9.93 పరుగెత్తాడు. ఆ వయసులో 10 సెకన్ల లోపు పరుగెత్తినవాడు అంతకుముందు లేడు. నలభై ఏళ్లకు నేను బస్సు వెనక పరుగెత్తి కాలు బెణికించుకున్నవాణ్ణి.

పాత రేడియో గారి షరతును తిరగేస్తున్నాను. ఇతను ముందు నడిచినవాడు. వెనక రావలసినవారు ఇంకా రాలేదు. ఇలాంటి పేరు ఈ చర్చలో ఉండవచ్చా?

పాత రేడియో · సోమవారం, మధ్యాహ్నం 12:20

ఉండాలి. అసలు ఈ చర్చ అతని కోసమే మొదలుపెట్టినట్టుంది, నాకే తెలియలేదు.

వేపచెట్టు నీడ · సోమవారం, రాత్రి 7:55

చదువుకుని వచ్చాను. నిన్నటి పొరపాటుకు జరిమానాగా డొమినికా మొత్తం నేనే రాస్తాను.

థియా లాఫాండ్. ట్రిపుల్ జంప్. 2024 ఆగస్టు 3న, ఆల్ఫ్రెడ్ గెలిచిన ఆ సాయంత్రమే, ఆ స్టేడియంలోనే 15.02 మీటర్లు దూకి స్వర్ణం గెలిచింది. డొమినికాకు తొలి ఒలింపిక్ పతకం. రెండు దీవులు కూతవేటు దూరం, మధ్యలో మార్టినిక్ దీవి ఒక్కటే. రెండూ 1996లోనే మొదటిసారి ఒలింపిక్స్‌కు వచ్చాయి. రెండింటికీ తొలి పతకం ఒకే రాత్రి వచ్చింది, రెండూ బంగారమే. అంతేకాదు, అదే ఏడాది మార్చిలో గ్లాస్గోలో ప్రపంచ ఇండోర్ పోటీల్లో ఆల్ఫ్రెడ్ 60 మీటర్లు, లాఫాండ్ ట్రిపుల్ జంప్ గెలిచారు. అప్పుడు ఆమె దూకింది 15.01. పారిస్‌లో ఇంకో సెంటీమీటరు కలిపింది.

మూడో మెట్టు గారు అడగకముందే చెబుతున్నాను. ఈమె చిన్నప్పుడే అమెరికా వెళ్లి మేరీలాండ్‌లో పెరిగింది. అక్కడ బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పింది. శిక్షకుడు ఆమె భర్తే. అమెరికాకు ఆడాలనుకుంటే ఆడి ఉండవచ్చు. పుట్టిన దీవినే ఎంచుకుంది. ఇది దీవి గెలుపు కాదంటారా?

ఇక ముందు నడిచినవారి కోసం వెతికితే నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. 1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీలు. ట్రిపుల్ జంప్ చరిత్రలో గొప్ప రోజు. బ్రిటన్ జొనాథన్ ఎడ్వర్డ్స్ 18.29 మీటర్లు దూకాడు, ఆ ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అందరూ ఆ ఫొటోలో అతణ్ణే చూస్తారు. పక్కన ఎవరున్నారు? రజతం 17.62, బ్రయన్ వెల్‌మన్, బెర్ముడా దీవి. కాంస్యం 17.59, జెరోమ్ రొమేన్, డొమినికా! అదే ఆట! లాఫాండ్ పారిస్‌లో దూకడానికి 29 ఏళ్ల ముందు, బాపట్లంత దేశం నుంచి ఒకతను ఇలాగే ఇసుక గుంటలో దూకి ప్రపంచ వేదిక ఎక్కాడు. తరువాత అతను ఫ్రాన్స్‌కు ఆడడం మొదలుపెట్టాడు. మంచి వసతులు కావాలంటే అప్పుడు అదే దారి కాబోలు.

మూడో మెట్టు · సోమవారం, రాత్రి 8:30

ఒకరు దీవి వదిలి ఫ్రాన్స్‌కు ఆడారు. ఇంకొకరు అమెరికాలో పెరిగి దీవికి ఆడారు. నా వాదనకు రెండూ అడ్డం వస్తున్నాయి, రెండూ సాయం చేస్తున్నాయి. రొమేన్‌ను తప్పుపట్టను. మా అన్నయ్య కూడా న్యూజెర్సీలోనే ఉన్నాడు.

మిగిలిన సగంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. పావు మాత్రం ఉంచుకుంటాను. స్టేడియం కట్టని ప్రభుత్వం గెలిచాక సెలవు ఇవ్వడం నాకు ఇప్పటికీ నచ్చదు.

డాక్టరమ్మ · సోమవారం, రాత్రి 8:44

ఆ పావు నాకూ ఇవ్వండి. గ్రెనడాలో స్టేడియానికి కిరానీ పేరు పెట్టారు, దారికీ పెట్టారు. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం కూడా తెచ్చాడు, 400 మీటర్లలో మూడు రంగుల పతకాలూ ఉన్న మగవాడు ఇంకెవరూ లేరు. అంత చేసినా, లండన్ సెమీఫైనల్ తరువాత అతను చేసిన పనే ఎక్కువగా గుర్తుంది నాకు. దక్షిణాఫ్రికాకు చెందిన కృత్రిమ కాళ్ల పరుగుగాడు పిస్టోరియస్ చివరి స్థానంలో వచ్చాడు. కిరానీ నేరుగా వెళ్లి ఛాతీ మీది పేరు చీటీలు మార్చుకుందామని అడిగాడు. ఆ మనిషి తరువాత ఏమయ్యాడన్నది వేరే కథ. ఆ రోజు మా కొట్టు యజమానురాలు మాత్రం "గ్వావ్ పిల్లవాడు, అమ్మ బాగా పెంచింది" అంది. మర్నాటి స్వర్ణానికి తూకం రాయి దెబ్బలు తిన్న బల్ల, నేను చదువు ముగించి వచ్చేదాకా అలాగే సొట్టలతో ఉంది. బాగుచేయించమంటే ఒప్పుకోలేదు.

తెనాలి కుర్రాడు · మంగళవారం, సాయంత్రం 6:25

ఇదంతా మా అన్నయ్య పిల్లలకు చదివి వినిపించాను. 15.02 మీటర్లు అంటే ఎంత బాబాయ్ అని అడిగారు. నాకూ సరిగ్గా తెలియలేదు. మేస్త్రీ దగ్గర టేపు తెచ్చి వీధిలో కొలిచాం. మా గేటు నుంచి మొదలుపెడితే ఎదురింటి కానుగ చెట్టు, దాని పక్కన నిలిపిన ఆటో, ఆటో తరువాత మురుగు కాలువ మీది బండ దాకా వచ్చింది. లాఫాండ్ ఆ దూరాన్ని మూడు అంగల్లో దాటింది. పెద్దవాడికి పదకొండు పట్టాయి, చిన్నది ఆటో దగ్గరే కూలబడి నవ్వింది. రొమేన్ గీత, ఎడ్వర్డ్స్ గీత కూడా గీయమన్నారు, సుద్దముక్క అయిపోయింది. రేపు గీయాలి. ఆటో ఆయన తొమ్మిది లోపు బండి తీస్తానన్నారు.